పెదబయల్లో ఎవరిని ఏమడగాలి?

మన్యం చూద్దామని వచ్చేవారికైనా, ఉద్యోగమొచ్చి మూటాముల్లె సర్దుకునేవారికైనా ఘాట్ ఎక్కాక ఫోను కన్నా మనిషే దిక్కు. ఆ మనిషిని అడగడానికీ ఓ తీరుంది.

పాడేరు బస్టాండులో ముంచంగిపుట్టు బస్సు కోసం నిలబడ్డవాళ్లలో కొత్తవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. చేతిలో ఫోనుంటుంది, ఫోనులో పటముంటుంది, పటంలో నీలం చుక్క కదలకుండా కూర్చునుంటుంది. పాతవాళ్లు పక్క మనిషిని అడుగుతారు. ‘బస్సెన్నింటికి?’ అని అడగరు. ‘పైన నైట్ హాల్ట్ చేసిన బస్సు దిగిందా?’ అంటారు. అది దిగితేనే మళ్లీ ఎక్కేది. గోడ మీది టైంటేబిల్లో ఈ సంగతి రాసి ఉండదు.

పెదబయలు పెద్ద ఊరేం కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఓ మండల కేంద్రం. పాడేరు నుంచి ముంచంగిపుట్టు మీదుగా జోలాపుట్టు, మాచ్‌ఖండ్ వైపు సాగి ఒడిశాలో కలిసే దారి మీద ఉంటుంది. తహసీల్దారు ఆఫీసు, ఆసుపత్రి, పోలీస్‌స్టేషను, బళ్లు, వారానికోసారి సంత. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా పుట్టేదాకా కలెక్టరు గారిని కలవాలంటే ఘాట్ దిగి, మాడుగుల, చోడవరం దాటి విశాఖపట్నం పోవాల్సిందే. ఇప్పుడు కలెక్టరేటు పాడేరులోనే ఉంది. (దిగేవాళ్లకీ ఎక్కేవాళ్లకీ మాడుగులలో హల్వా కొట్టు ఎక్కడని అడగడం మాత్రం మారలేదు. అందరూ ఒకే సమాధానం చెప్పే ప్రశ్న ఈ దారిలో బహుశా అదొక్కటే.)

అరకు రద్దీతో విసిగినవాళ్లు ఈమధ్య ఇటు మళ్లుతున్నారు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాలు చూసినవాళ్లు తారాబు జలపాతం పేరు విని పెదబయలు దాకా వస్తున్నారు. వీళ్లు కాక ఏటా బదిలీల కాలంలో టీచర్లు, నర్సులు, బ్యాంకు గుమస్తాలు పెట్టెలతో దిగుతారు. వీళ్లందరికీ సలహా కావాలి. ఇక్కడ సలహా దొరకడం కష్టమేం కాదు, ఎవరినడిగినా ఆగి మరీ చెప్తారు. తిరకాసంతా అడగడంలోనే ఉంది. మన కొలతల్లో అడిగితే మనకు నచ్చే జవాబొస్తుంది. వాళ్ల పని తెలుసుకుని, ఆ పనిలోంచి అడిగితే పనికొచ్చే జవాబొస్తుంది.

కిలోమీటర్ల లెక్క వదిలేయండి

‘ఇంకెంత దూరం తాతా?’ అని అడిగితే ‘దగ్గరే బాబూ, ఆ మలుపు తిరిగితే’ అంటాడు కావిడి మోస్తున్న పెద్దాయన. మలుపు తిరిగాక ఇంకో మలుపు, దాని వెనక ఇంకోటి. పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్లు కొండ మధ్యలో కూలబడి ముసలాయన్ని తిట్టుకుంటారు. ఆయన అబద్ధమాడలేదు. వారం వారం ఆ దారినే సంతకొస్తాడు. ఆయన కాళ్లకది దగ్గరే.

అడగాల్సింది ఇలా: ‘ఇప్పుడు బయల్దేరితే చీకటి పడకుండా వెళ్లి రాగలమా?’ అప్పుడాయన ముందు మీ కాళ్లకేసి చూస్తాడు. చెప్పులా, బూట్లా? వెంట పిల్లలున్నారా? తర్వాత ఆకాశం చూస్తాడు. ఆ తర్వాత చెప్పే మాట నమ్మదగ్గది. చాలాసార్లు అది ‘ఇయ్యాలొద్దు, రేపు పెందలకడ బయల్దేరండి’ అనే ఉంటుంది.

ఇంకో పొరపాటు, జవాబు కూడా మనమే అందించేయడం. ‘రూడకోటకి ఇదేనా దారి?’ అంటే ‘ఇదే’ అనేస్తారు. దారి మధ్యలో కారాపి, అద్దం దించి, అంత ఆశగా అడుగుతున్న మనిషిని కాదనడం మర్యాద కాదు కదా. ‘ఈ దారి ఎక్కడికి పోతుంది? మరి ఆ దారి?’ అని అడగండి. ఊళ్ల పేర్లు వరసగా వాళ్ల నోటి నుంచే రావాలి, మన నోటి నుంచి కాదు.

అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. ‘నువ్వటు వెళ్లి ఎన్నాళ్లయింది?’ కొండల్లో రోడ్ల సంగతి ఏడాదికొక తీరు. నిరుడు మట్టిదారైంది ఈ ఏడు తారు రోడ్డయి ఉండొచ్చు, మొన్నటి వానకి కల్వర్టు కొట్టుకుపోయి ఉండొచ్చు. 2025 ఏప్రిల్లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’ పేరిట గిరిజన గ్రామాల రోడ్ల పనులు మొదలయ్యాయి. అలాంటి పనులు నడుస్తున్న చోట పటం కన్నా పోయిన వారం అటు నడిచొచ్చిన మనిషి నయం. ఆ మనిషి దొరికే చోటు సంత. చుట్టుపక్కల ఊళ్లన్నీ వారానికొక పూట ఒకచోట చేరతాయి. ఏ ఊరి దారి ఎలా ఉందో ఆ ఊరివాళ్లే చెప్తారు.

జీపు, ఆటో డ్రైవర్లకు తెలియని దారుండదు. ఒక్క జాగ్రత్త. అటు వెళ్లబోయే డ్రైవరుకు మీరొక సీటు, కాబట్టి దారి ఎప్పుడూ బాగానే ఉంటుంది. అట్నుంచి ఇప్పుడే వచ్చి టీ తాగుతున్న డ్రైవరునడగండి.

గెడ్డ దగ్గర

వానాకాలంలో జీపు ఓ గెడ్డ (వాగు) ఒడ్డున ఆగింది. డ్రైవరు దిగలేదు. స్టీరింగు మీద మోచేతులానించి నీళ్లకేసి చూస్తున్నాడు. వెనక సీట్లో ఉన్నవాళ్లు కూడా తొందరపెట్టలేదు. తొందరపడుతున్నది నేనొక్కణ్నే.

‘ఏంటన్నా చూస్తున్నావ్?’

‘ఆ నల్లరాయి కనబడతంది కదా బాబూ. నడుం దాకా కనబడితే ఎల్తాను. నెత్తి ఒక్కటీ కనబడితే ఎల్లను.’

రాయి భుజాల దాకా కనబడుతోంది. మరి? అతను రాయి మాట వదిలేసి నీళ్ల రంగు చూడమన్నాడు. ఇక్కడ చినుకు లేదు, ఎండ కాస్తోంది, అయినా నీళ్లు ఎర్రబడుతున్నాయి. పచ్చి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. ఎండుటాకులైతే ఒడ్డున పడున్నవి కొట్టుకొచ్చినట్టు. పచ్చి ఆకులు వస్తున్నాయంటే పైన ఎక్కడో కొండ మీద గాలీవానా గట్టిగా కొట్టినట్టు. ఆ నీరింకా ఇక్కడికి పూర్తిగా దిగలేదు. మేం అక్కడే నిలబడి బీడీలు కాలుస్తుండగానే రాయి మునిగింది.

ఇంతటి చదువు ఏ పటంలోనూ లేదు. ‘గెడ్డ దాటొచ్చా?’ అని అడిగి ఊరుకుంటే ఇదేమీ తెలిసేది కాదు, ‘ఆగండి’ అనే ఒక్క మాట మిగిలేది. ఏం చూస్తున్నావని అడిగితేనే తన చదువంతా విప్పాడు. సలహా అడిగేవాళ్లు సాధారణంగా తీర్పు అడిగి వెళ్లిపోతారు, ఆ తీర్పుకు ఎలా వచ్చారో అడగరు. రెండోది తెలిస్తే తర్వాతి గెడ్డ దగ్గర మీరే సగం చూసుకోగలుగుతారు.

పెదబయలు మండలానికి పెద్ద నీరు మత్స్యగెడ్డ. కిందికి పోయేకొద్దీ అదే జోలాపుట్టు జలాశయంలో నిలబడుతుంది. ఆంధ్ర, ఒడిశాలు కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. కరెంటు కిందికి పోయింది, నీళ్లు మాత్రం లోయల్లోకి ఎగదన్ని ఊళ్లకూ పొలాలకూ మధ్య నిలబడిపోయాయి. ఒడ్డు ఊళ్లవాళ్లకు ఇప్పటికీ నాటు పడవే దారి. పడవెక్కే కొత్తవాళ్లకు వాళ్లు చెప్పేవి చిన్న మాటలే: నిలబడకు, అంచు పట్టుకుని ఒరగకు, మధ్యాహ్నం గాలి లేచాక దాటకు. ఫొటో కోసం లేచి నిలబడేవాణ్ని పడవవాడు కేకేస్తే నొచ్చుకోకండి.

జవాబు ఎందుకు తడబడుతుంది

కొన్ని ప్రశ్నలకు ఇక్కడ వెంటనే జవాబు రాదు. ‘ఆ కొండవతల ఏ ఊరుంది? అక్కడికి ఎవరెవరొస్తారు? రాత్రిపూట దారుందా?’ మనకవి మామూలు ప్రశ్నలు. వినేవాళ్లకు కావు.

ఈ కొండల్లోకి దారి అడుగుతూ వచ్చిన కొత్తవాడు ఊరికే వచ్చిపోయిన సందర్భాలు చరిత్రలో తక్కువ. బ్రిటిషు కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి రోడ్డు వేయిస్తూ కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్న కథే మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్‌స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దళం పడిన తర్వాత దాదాపు రెండేళ్లు పోలీసు పటాలాలు ఊరూరూ తిరిగి అడిగింది ఒక్కటే: ఏ దారిన వెళ్లారు? చెప్పినవాడికీ ముప్పే, చెప్పనివాడికీ ముప్పే.

ఆ తర్వాతి తరాలకు అదే ఇరకాటం ఇంకో రూపంలో వచ్చింది. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో ఏళ్ల తరబడి మావోయిస్టులొకవైపు, కూంబింగు పార్టీలొకవైపు. ఇద్దరూ అన్నం అడిగారు, ఇద్దరూ దారి అడిగారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపాక చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందో ఊహించుకోవచ్చు. ఇప్పుడు ఆ వేడి బాగా చల్లారింది. అయినా నోటికి పట్టిన అలవాటు అంత తొందరగా పోదు.

గంజాయి సంగతి వేరే. మైదానం నుంచి, బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన వ్యాపారులు పెట్టుబడి పెట్టి, కొండల్లో సాగు చేయించి, పట్టుబడినప్పుడు మాత్రం కొండవాళ్లను కేసుల్లో ఇరికించారు. 2021 అక్టోబరు చివర్లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయి కాల్చారు. పెదబయలు, ముంచంగిపుట్టు ఈ కథలో ముందు వరసలో ఉన్న మండలాలే. అందుకే కొత్త మొహం కారాపి ‘ఇక్కడ ఏం పండిస్తారు?’ అంటే జవాబు నీళ్లు నములుతుంది. వలిసెలు, చోళ్లు, రాజ్‌మా, పసుపు అని ఆగిపోతారు.

దీన్నుంచి పుట్టిన స్థానిక సలహా ఒకటి ప్రతి ప్రయాణికుడూ వినాలి. కిందికి దిగే బస్సులో ఎవరైనా ‘ఈ సంచీ నర్సీపట్నంలో మావాడికిచ్చేయండి’ అంటే, అది పనసకాయలంత అమాయకంగా కనబడినా, పుచ్చుకోకండి. చెక్‌పోస్టులో సంచీ ఎవరి ఒడిలో ఉంటే వాళ్లదే. కండక్టర్లు దీన్ని మొహమాటం లేకుండా చెప్తారు, వాళ్లు చూసింది చూశారు మరి.

ఈ చరిత్రంతా తెలిసినవాడు అడగడానికి ముందు తానెవరో చెప్పుకుంటాడు. ఏ ఊరు, ఏ పని మీద, ఎవరింటికి. ఊళ్లోకి వెళ్తే ఊరిపెద్ద నాయుడినో, సర్పంచినో ముందు పలకరిస్తాడు. చాలా ఊళ్లలో కబురు మోసేవాడు బారిక, పండగలకూ పనులకూ మంచి రోజు చెప్పేవాడు దిసరి. వీళ్లను దాటుకుని నేరుగా ఇళ్ల మధ్యకు కెమెరా పట్టుకు పోయేవాడికి ఎవరూ ఏమీ అనరు. ఏమీ చెప్పరు కూడా.

బడికి కొత్త మాస్టారు

అసలు కష్టం టూరిస్టుది కాదు, ఉండిపోవాల్సినవాళ్లది. వాళ్లలోనూ టీచర్లది.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరిలో జీవో నంబరు 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆదివాసీ సంఘాలు ఆ రక్షణ మళ్లీ కావాలని అడుగుతూనే ఉన్నాయి. కోర్టు తర్కం ఏదైనా బడిలో దాని ఫలితం ఒకటే: కొండ కింద పుట్టి పెరిగిన మాస్టార్లు కొండపైకి వచ్చే అవకాశం పెరిగింది. ఏకలవ్య పాఠశాలలకైతే 2023లో కేంద్రం దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టింది. తెలుగు రాష్ట్రాల ఏజెన్సీకి ఉత్తరాది నుంచి హిందీ మాట్లాడేవాళ్లు వచ్చారు.

ఎదురుగా కూర్చున్న పిల్ల ఏం మాట్లాడుతుంది? ఇంట్లో ఆదివాసీ ఒడియా కావచ్చు, కువి కావచ్చు, ఊరిని బట్టి ఇంకోటి కావచ్చు. తెలుగు ఆ పిల్లకు బడిలో ఎదురైన భాష. తెలుగు మాస్టారు తన భాషే రాష్ట్రమంతటికీ తల్లిభాష అనుకుని వస్తాడు, మొదటి వారంలోనే గోడకు తగులుకుంటాడు. ఆదివాసీ ఒడియాకు హిందీ దగ్గరి చుట్టం కాబట్టి రాజస్థాన్ మాస్టారికి అది మనకన్నా ముందే పట్టుబడినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ప్రభుత్వం ఈ సంగతి ఎరగక కాదు. 2004 ప్రాంతంలోనే ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల పుస్తకాలు తయారుచేసే పని మొదలైంది. ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాషలు అందులో ఉన్నాయి. పుస్తకాల సంగతి అలా ఉంచితే, మాస్టారికి మొదటి రోజు కావాల్సింది వ్యాకరణం కాదు, నాలుగు మాటలు. కడుపునొప్పి, ఆకలి, భయం, ఇంటికెళ్తాను. ఒకటో తరగతి పిల్ల ఈ నాల్గింటిలో ఏదంటోందో తెలియకపోతే ఆ రోజు పాఠం జరగదు.

ఆ మాటలు నేర్పేది హెడ్మాస్టరు కాదు, మధ్యాహ్న భోజనం వండే అమ్మ. ఆమె ఆ ఊరి మనిషే, పిల్లల్లో సగం మందికి పిన్నో మేనత్తో అయ్యుంటుంది. ఏ పిల్ల తండ్రి చెన్నై పనికి పోయాడో, ఏ పిల్లాడు అన్నం సగంలో ఆపి చెల్లెలి కోసం దాస్తున్నాడో ఆమెకు తెలుసు. కొత్తగా వచ్చిన మాస్టార్లలో చురుకైనవాళ్లు వంటింటి గుమ్మంలో పీట వేసుక్కూర్చుంటారు. ‘అమ్మా, వాడు ఇందాక ఏమన్నాడు?’ ఆమె చింతపండు పిసుకుతూనే ఆ మాట చెప్పి, మాస్టారు దాన్ని ఎలా పలికారో విని నవ్వి, మళ్లీ చెబుతుంది. సిగ్గుపడకుండా మూడోసారీ అడిగేవాడు దసరా సెలవులకు పిల్లలతో మాట్లాడుతుంటాడు. రిజిస్టరు చూసి గైర్హాజరు లెక్కపెట్టే ముందు కూడా ఆమెనే అడగాలి. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్లు కోసే కాలం, వేసవి మొదట్లో చింతపండు, మధ్యలో కొత్తల పండుగలు, వారం వారం సంత. బడి క్యాలెండరులో లేని సెలవులన్నీ ఆమె నోట ఉంటాయి.

ఈ పద్ధతికి మనకు పెద్ద వంశవృక్షమే ఉంది. పర్లాకిమిడి బళ్లో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల భాష నేర్వాలనుకున్నప్పుడు నిఘంటువు లేదు, లిపి లేదు. సవర మనిషినే గురువుగా పెట్టుకున్నారు, కొండలెక్కి ఊళ్లలో అడిగారు. దశాబ్దాల తర్వాత 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు లోయలో కొండదొరల మధ్య తిరిగి వాళ్ల భాష మీద రాసిన గ్రంథం 1969లో వెలువడింది. ఇద్దరూ ఎంత పండితులైనా అక్కడ కూర్చున్నది విద్యార్థి పీట మీదే.

ఇల్లు, జ్వరం, చలి

ఇల్లు దొరుకుతుందా అనేది ఉద్యోగి భార్య అడిగే మొదటి ప్రశ్న. అద్దెకు దొరుకుతుంది, కొనడానికి దొరకదు. ‘అయిదేళ్లలో పదవీ విరమణ, చల్లటి చోటు, ఓ నాలుగు సెంట్లు కొనుక్కుంటే’ అని ఎవరైనా అంటే ఊళ్లో కుర్రాడు కూడా ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటాడు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన చట్టం పేరది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఆ గోడను ఇంకా గట్టిపరిచింది. ఎవరో గిరిజనుడి పేరు మీద కొనిపెడతామనే దళారులు పాడేరులోనూ ఉంటారు, విశాఖలోనూ ఉంటారు. వాళ్ల దగ్గర సలహా తీసుకోకండి. స్థానికుడంటే అక్కడ తిరిగే ప్రతివాడూ కాదు.

జ్వరమొస్తే ఎవరినడగాలి? ఆశ కార్యకర్తను. అదీ రేపు కాదు, ఇవాళే. ఆమె దగ్గర వేలి మీద చుక్క రక్తం తీసి మలేరియా ఉందో లేదో చూసే కిట్టు ఉంటుంది. ‘ప్రయాణం బడలికే, తగ్గిపోతుంది’ అనుకునే మైదానపు ధీమా ఇక్కడ పనిచెయ్యదు. పైన చెప్పిన గిడుగు వారు సవర కొండల్లో మలేరియా తెచ్చుకుని, దానికి మింగిన క్వినైన్‌తో వినికిడే పోగొట్టుకున్నారు. ఈ రోజుల్లో మందులు మెరుగే, దోమ మాత్రం అదే. వానాకాలం మొదలయ్యే ముందు ఇళ్ల గోడలకు మందు కొట్టడానికొస్తే సామాను తడుస్తుందని తలుపేసుకునేవాళ్లలో ఉద్యోగస్తులే ఎక్కువని మలేరియా సిబ్బంది గొణుక్కుంటూ ఉంటారు. దోమతెర గట్టిగా దోపుకుని పడుకోండి. వెళ్లబోయే ఊరికి అంబులెన్సు ఎంతవరకు వస్తుందో, అక్కణ్నుంచి డోలీ ఎంత దూరం మొయ్యాలో ముందే కనుక్కోండి, ముఖ్యంగా ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లుంటే. గర్భిణులు నెల ముందే పాడేరు వైపు దిగి వసతి గృహాల్లో ఉండటం ఇక్కడ పిరికితనం కాదు, తెలివి.

చలి సంగతి అందరూ చెప్తారు కాబట్టి ఎక్కువ రాయను. స్వెట్టరు కన్నా చెవులకు మఫ్లరు ముఖ్యం.

ఫోను విషయం. 2023లో రాష్ట్రంలో ఒకే రోజు వంద సెల్ టవర్లు ప్రారంభించారు, ఎక్కువ భాగం ఈ జిల్లాలోనే. సిగ్నలు ముందుకన్నా నయం. కరెంటు పోయి టవరు బ్యాటరీ అయిపోతే మాత్రం అదీ పోతుంది. ఏ బండ మీద నిలబడితే మాట వినబడుతుందో ప్రతి ఊళ్లోనూ కుర్రాళ్లకు తెలుసు. ఇంటివాళ్లకు ఆ బండ ఎక్కే వేళే చెప్పి పెట్టండి.

సంత మర్యాద

సంత రోజు ఊరికొకటి. అరకు సంత శుక్రవారం, సరిహద్దు అవతల ఒనకడిల్లి గురువారం. మీరు దిగిన ఊరి సంత ఏ వారమో ముందు కనుక్కోండి, ఎందుకంటే ఆ రోజు బస్సులో సీటు ఉండదు, మిగతా రోజుల్లో కూరగాయలుండవు.

కొండచీపుర్లు, అడ్డాకులు, పిప్పళ్లు, రాజ్‌మా, అల్లం, పసుపు నేల మీద కుప్పలుగా పోసి ఉంటాయి. అమ్మే ఆవిడ తెల్లవారకముందే లేచి నడిచొచ్చింది, చీకటి పడకముందే మళ్లీ నడిచి పోవాలి. మధ్యాహ్నం దాటాక ధర తగ్గుతుందని పట్నం నుంచి వచ్చినవాళ్లకు ఎవరో చెప్పి పంపుతారు. నిజమే, తగ్గుతుంది. బరువు మోసుకుని వెనక్కి పోలేని మనిషి దగ్గర తగ్గించుకున్న ధర అది. షావుకార్లు తరతరాలుగా ఆ కిటుకు మీదే బతికారు. ఆ దోపిడీకి అడ్డుకట్టగానే 1956లో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పుట్టింది. పొద్దున్నే జీసీసీ డిపోలో ఆ సరుకు ధరెంతో అడిగి సంతలోకి నడవండి. బేరానికి కింది హద్దు అక్కడుంటుంది.

చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో వస్తే దారికడ్డంగా కర్ర పెట్టి ఆడవాళ్లు, పిల్లలు బండి ఆపుతారు, పాట పాడి డబ్బులడుగుతారు. భయపడాల్సిందీ, పోలీసులకు ఫోను చెయ్యాల్సిందీ ఏమీ లేదు. చిల్లర ఉంచుకోండి. మగవాళ్లు వేటకెళ్లి ఉంటారు కాబట్టి ఆ రోజుల్లో ఊళ్లో ఏ పనీ జరగదు. సర్వేకొచ్చిన ఉద్యోగులు ఇది అడగకుండా వచ్చి ఖాళీ కాగితాలతో దిగిపోతారు. ఇంట్లో జీలుగు కల్లు ఇస్తే పొద్దున దింపిందా అని అడగొచ్చు, తప్పు లేదు. ఎండ ఎక్కాక పులిసినదానికి అలవాటు లేని తల నిలవదు. వద్దనుకుంటే ముందే చేతులెత్తి ‘జుహార్’ చెప్పి వద్దనండి. పుచ్చుకుని మొక్క మొదట్లో పోయడం మాత్రం చూస్తారు.

వాళ్ల ప్రశ్నలు

ఇంతసేపూ మనమడిగేవే చెప్పుకున్నాం. వాళ్లూ అడుగుతారు. ‘ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకా?’ ఇవి ఉత్తరాంధ్ర అంతటా వినేవే. మూడోది మాత్రం పెదబయల్లో కాస్త పదునుగా ఉంటుంది. ‘ఎన్నాళ్లుంటారు?’

చేరిన నెలకే డిప్యుటేషను కోసం పాడేరు చుట్టూ తిరిగే ఉద్యోగులను, ఫొటోలు తీసుకుని పంపుతామని చెప్పి పంపని టూరిస్టులను, సర్వేలు చేసి మళ్లీ కనబడని పరిశోధకులను చూసి చూసి వచ్చిన ప్రశ్న అది. మొహమాటానికి ‘ఇక్కడే ఉండిపోతానమ్మా’ అనకండి. రెండు రోజులైతే రెండు రోజులనే చెప్పండి. రెండు రోజుల మనిషికి చెప్పాల్సినవి వేరే ఉంటాయి: కాచిన నీళ్లు ఎవరింట్లో దొరుకుతాయి, ఆఖరు బస్సుకు ఎప్పుడొచ్చి నిలబడాలి, ఏ కుక్క కరుస్తుంది. మూడేళ్లుంటాననే మాస్టారుకు ఇంకో రకం సలహాలు అందుతాయి. పెరట్లో చిక్కుడు ఏ కార్తెలో పెట్టాలి, ఏ రెండిళ్లవాళ్లకు మాటల్లేవు, పంచాయతీ కుళాయి ఎండిపోయే ఏప్రిల్లో కూడా నీళ్లూరే ఊట ఏ బండ కింద ఉంది, అక్కడికి బిందెతో ఎవరు ముందు వెళ్లాలి, కొత్తవాళ్లు ఎవరి వెనక నిలబడాలి.